రామా గ్రీన్ తోక

యానాంలో రెండు బ్రాందీ షాపుల మధ్య ఇరుక్కుని ఉన్న మ్యాచింగ్ సెంటర్ మాది. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి మోటారు సైకిళ్ళ మీద దంపతులు వస్తారు. ఆయన పక్క షాపులోకి నడుస్తాడు, ఆవిడ మా మెట్లెక్కుతుంది. ఆయనకు ఎంత ఆలస్యమైతే మాకు అంత బేరం. అందుకే ఆ షాపుల గురించి నేను ఏనాడూ చెడ్డమాట అనలేదు.

పెళ్ళై ఈ ఊరు వచ్చిన కొత్తలోనే ఆ కొట్లో కూర్చున్నాను. జాకెట్టు ముక్కలు, లైనింగులు, ఫాల్సు, లంగాలు. మావారికి ఊరి రాజకీయాలు చాలు, కొట్టు నాకు చాలు. ఈ వ్యాపారానికి పెద్ద చదువు అక్కర్లేదు, కన్నుంటే చాలు. ఆ కన్ను నాకుందని పదిమందీ చెప్పుకునేవారు అని రాయాలని ఉంది గానీ, ఎక్కువగా చెప్పుకున్నది నేనే. పది రకాల పచ్చల్ని కట్టకట్టి నా ముందు పడేస్తే ఏది చిలకపచ్చ, ఏది మామిడాకు, ఏది కాస్త నీలం కలిసిన రామా గ్రీన్ అని తడుముకోకుండా చెప్పేదాన్ని. అడగని వాళ్ళకి కూడా చెప్పేదాన్ని. పెళ్ళిళ్ళలో భోజనాల బంతిలో కూర్చుని, ఎదుటి వరసలో ఎవరి జాకెట్టు ఎవరి చీరకి అర పిసరు తేడా ఉందో పక్కావిడకి చెబుతూ పప్పు చల్లార్చుకున్న రోజులున్నాయి.

మా కొట్లో కొన్ని కట్టుబాట్లున్నాయి, అన్నీ నేను పెట్టినవే. ఫోన్లో చీర ఫొటో చూపించి ముక్క అడిగితే ఇవ్వం. ఫోన్ రంగులు అబద్ధాలాడతాయి, చీర తీసుకురావాల్సిందే. ట్యూబులైటు కింద రంగు తేల్చం, మెట్లు దిగి ఎండలో పెట్టి చూడాల్సిందే. కోసిన ముక్క వెనక్కి తీసుకోం. అందుచేత రంగు తేల్చిన మనిషే కత్తెర పట్టాలి. ఆ కత్తెర నాది. కత్తెర చేతి నుంచి చేతికి అందిస్తే గొడవలొస్తాయంటారు, అందులోనూ అత్తాకోడళ్ళ మధ్య అసలు అందించకూడదు. కోడలు కొట్లోకి వచ్చిన దగ్గర్నుంచీ ఆ కట్టుబాటును నేను మరీ నిష్ఠగా పాటించాను. చేతికివ్వలేదు సరే, బల్ల మీద కూడా పెట్టలేదు.

మొన్న శ్రావణమాసంలో, కొట్టు కిటకిటలాడుతున్న వేళ, ఒకావిడ చీర విప్పి బల్ల మీద పరిచింది.

"నీలం చీరకి పచ్చ ఫాల్ ఇచ్చారండీ మీరు. చూసుకోకుండా కుట్టించేశాను. ఇప్పుడేం చేయమంటారు?"

నేను చీరని చంకన పెట్టుకుని మెట్లు దిగాను. ఎండలో పెట్టి చూశాను. చీరా పచ్చే, ఫాలూ పచ్చే, అచ్చంగా ఒక్క రంగు. ఆ మాటే అన్నాను. ఆవిడ నా వంక చూసి, చీర వంక చూసి, మిగతా బేరాల వంక చూసింది. మా కోడలు లోపల్నుంచి ఇంకో ఫాల్ తెచ్చి, నెమ్మదిగా ఆవిడ సంచిలో పెట్టి, "కుట్టుకూలి మేం ఇచ్చుకుంటావండీ" అని పంపేసింది.

జనం పలచబడ్డాక అంది. "అత్తయ్యగారండీ, ఒకసారి కాకినాడ వెళ్ళి కళ్ళు చూపించుకొచ్చేద్దావండీ."

గుడ్డొచ్చి పిల్లని వెక్కిరించిందంటే ఇదే కదా అనుకున్నాను. "నువ్వు పుట్టకముందు నుంచీ ఈ రంగుల్లో ఉన్నానమ్మాయ్, నా కళ్ళ సంగతి నాకు తెలుసు" అన్నాను. ఆ మాట కొట్టంతా వినబడేట్టే అన్నాను. నిజానికి నాకు చాలా భయం వేసింది. కన్ను పోయిందంటే కుర్చీ ఎవరూ లాగేసుకోరు, టీ కూడా వేళకి వస్తుంది. కానీ కత్తెర ఉండదు. కత్తెర లేని నేను ఆ కొట్లో ఎవరినో నాకే అర్థం కాలేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే తూనీగలు దొరికాయి.

షుగరు కోసం నన్ను డాక్టరు నడవమన్నాడు. పొద్దున్నే కనకాలపేటలో మా ఇంటి నుంచి బయల్దేరి అడవిపొలం వైపు చేల గట్ల మీద నడిచి వస్తాను. ఆ దారిలో చేలకి నీళ్ళు పారే బోదె ఒకటుంది. వానాకాలం కనక నిండుగా ఉంది, గట్టున తుంగ మొలిచింది. చెప్పులో రాయి పడితే తీసుకుందామని వంగాను. తుంగ పుల్ల మీద ఒక పురుగు వాలి ఉంది.

తూనీగలు నాకు తెలియనివి కావు. చిన్నప్పుడు వాటి తోకకి దారం కట్టి ఎగరేసిన పాపం నాకూ ఉంది. కానీ ఇది ఆ పెద్ద తూనీగ కాదు. పెద్దది వాలితే రెక్కలు బారచాపుకుని కూర్చుంటుంది. ఇది రెక్కలు వెనక్కి మడిచి వీపు మీద పెట్టుకుంది. ఒళ్ళు సూదంత సన్నం, దీనికి దారం కట్టాలంటే దారమే దీనికన్నా లావవుతుంది. రెండు కళ్ళూ తలకి చెరో చివర ఉన్నాయి. వీపు ఆకుపచ్చ, దాని మీద నల్ల చారలు. తోక పైభాగమంతా నలుపు, చివర్న మాత్రం ఒక మెరిసే చుక్క.

ఆ చుక్క రంగు చూసి నా మనసు గాల్లో తేలింది. రామా గ్రీన్! నువ్వుగింజంత చుక్కని, నించున్న చోటి నుంచి రంగుతో సహా పోల్చుకున్న కన్నుకి ఏమైందని కాకినాడ వెళ్ళాలి? కోడలికి జవాబు దొరికేసింది. ఆ పూట నడక మానేసి అక్కడే నిలబడ్డాను. షుగరు సంగతి షుగరు చూసుకుంటుందనుకున్నాను.

మర్నాటి నుంచి అదే పని. రాత్రి కొట్టు కట్టేటప్పుడే, అరల మీది పేర్లు చదవకుండా కంటి అంచనాతోనే రంగు ముక్కలు కొన్ని తెచ్చుకుని, వెళ్ళేముందు పిన్నీసులతో పైట చెంగుకి గుచ్చుకునేదాన్ని. తూనీగ పక్కన ముక్క పెట్టి చూడందే రంగు తేల్చకూడదని నా కట్టుబాటు, అది తూనీగకైనా వర్తిస్తుంది. తూనీగలకి ఆ సంగతి తెలియదు కనక ముక్క దగ్గరికి తేగానే పక్క పుల్ల మీదికి పోయేవి. అవి ఎక్కువ దూరం ఎగరవు. మోకాలెత్తుకి మించి లేవడం నేను చూడలేదు. నేను చెంగు పట్టుకుని ఒంగి, పుల్ల నుంచి పుల్లకి వాటి వెంట నడిచేదాన్ని. వెనక నుంచి నా వాలకం ఎలా ఉండేదో గట్టు మీద పోయేవాళ్ళకే తెలియాలి.

ఒకాయన రోజూ మోపెడ్ మీద గడ్డి తీసుకెళ్ళేవాడు. మొదటి రోజు ఆగి, "ఏటండీ అక్కగారూ, ఏవన్నా పారేసుకున్నారా?" అన్నాడు. లేదన్నాను. నాలుగైదు రోజులు పోయాక మళ్ళీ ఆగాడు. ఈసారి గొంతు తగ్గించి, "ఇక్కడ రొయ్యల చెరువులేమన్నా తవ్విత్తారేటండీ? సర్వేనా?" అన్నాడు. చెంగుకున్న రంగు ముక్కలు సర్వే జెండాల్లా కనిపించాయి పాపం. తూనీగల్ని చూస్తున్నానన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, "అయితే సర్వేనే" అనేసి వెళ్ళిపోయాడు.

కొన్నాళ్ళకి బోదె దగ్గర మూడు జాతులున్నాయని తేల్చాను. ఒకటి పచ్చ ఒళ్ళూ రామా గ్రీన్ చుక్కా ఉన్నది. రెండోది కనకాంబరం రంగుది. మూడోది వాడిపోయిన గోరింటాకు రంగుది, చూడ్డానికి నీరసంగా ఉంటుంది. మూడింటికీ ముక్కలు జత కుదిర్చాను. వాటి అలవాట్లు కూడా పట్టేశాను. నీళ్ళకి దగ్గరగా, తుంగ మొదట్లోనే ఉంటాయి. ఎండెక్కకముందు బద్ధకంగా ఉంటాయి. పచ్చతోకది ఒకసారి తనలో సగం ఉన్న దోమని ముందు కాళ్ళతో పట్టుకుని, పుల్ల మీద కూర్చుని నింపాదిగా తినేసింది.

ఒకరోజు మాత్రం నాకు తల కొట్టేసినట్టయింది. పచ్చతోకది కనకాంబరందాన్ని మెడ దగ్గర తోకతో పట్టుకుని ఉంది. ఆ పిల్ల తన తోకని కిందనుంచి వంచి దానికి తగిలించింది. రెండూ కలిసి పుల్ల మీద గుండ్రంగా చుట్టుకుని కదలకుండా ఉన్నాయి. నేను మర్యాదగా మొహం తిప్పుకున్నాను. గట్టు చివరికంటా నడిచి తిరిగి వచ్చినా అక్కడే ఉన్నాయి. జాతి కాని జాతి పిల్లతో ఏమిటీ పని అని బాధపడుతూ ఇంటికొచ్చి, వంటింట్లో ఉన్న కోడలికి చెప్పాను.

"కులాంతరం అమ్మాయ్. పట్టపగలు."

కోడలు పప్పుగుత్తి పట్టుకుని నవ్వింది. ఆదివారం నాతో బోదె దగ్గరికి వచ్చింది. ఫోనుతో వాటి ఫొటోలు తీసింది, ఇంటికొచ్చి అందులోనే వెతికింది. మధ్యాహ్నం భోజనాలయ్యాక నా పక్కన కూర్చుంది.

"అత్తయ్యగారండీ, అవి మూడు జాతులు కాదండీ. ఒకటేనండి. తోక మీద చుక్కున్నది మగదండి. కనకాంబరం రంగుదేమో వయసు పిల్లండి, ముదిరాక అదే గోరింటాకు రంగుకొచ్చేస్తదంటండి. కాలవల కాడ, చేలల్లో ఎక్కడ చూసినా ఇవేనంటండి."

దాని ఇంగ్లీషు పేరు కూడా చదివింది. అందులో సెనెగల్ అని ఉంది. మా యానాంలాగే ఆ దేశాన్ని కూడా ఒకప్పుడు ఫ్రెంచివాళ్ళే ఏలారని మావారు పడక్కుర్చీలోంచి అన్నారు. అలా చూస్తే మాకూ దానికీ దూరపు చుట్టరికం కుదిరింది.

కనకాంబరం ముదిరి గోరింటాకవుతుందన్న సంగతి మాత్రం నాకు కొంచెం గుచ్చుకుంది. నా పెళ్ళిచీర కనకాంబరం రంగుదే. ఇప్పుడు నేను కొనుక్కునేవన్నీ మాసినా కనబడని రంగులు. ఏళ్ళ తరబడి జనానికి జతలు కుదిర్చిన మనిషిని, మొగుడూ పెళ్ళాల్నే మూడు కులాలుగా విడదీశానే అని సిగ్గుపడ్డాను కూడా. అక్కడితో ఆగితే బాగుండేది.

"ఏదీ, ఫొటో చూపించు" అన్నాను.

చూపించింది. తన వేలు తోక చుక్క మీద ఉంది. "ఇదిగోండి, తోక చివర నీలం చుక్క అని రాశారండి ఇక్కడ."

"నీలమా? మన బోదె దానిది నీలం కాదమ్మాయ్, రామా గ్రీన్."

"ఫొటోలో కూడా నీలంగానే ఉందండి."

"ఫోన్ రంగులు నమ్మకూడదని కొట్లో బోర్డు పెట్టింది ఎవరు?"

కోడలు ఫోను పక్కన పెట్టి లేచింది. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళన్నట్టు నేను మాత్రం ఆ రాత్రి నిద్రపోలేదు. పుస్తకాల్లో ఉన్నదానికి నీలం తోక. మా బోదెలో ఉన్నదానికి రామా గ్రీన్ తోక. దీని అర్థం ఏమిటి? ఇది ఇంతవరకూ ఎవరూ చూడని తూనీగ. కనిపెట్టింది నేను. మా ఊరి పేరు పేపర్లో ఎండలకీ, వరదలకీ, సీసాలకీ తప్ప పడదు. ఇక తూనీగకి కూడా పడుతుంది. దానికేం పేరు పెట్టాలా అని తెల్లారేదాకా ఆలోచించాను. నా పేరు పెడితే బాగోదనుకున్నాను, వాళ్ళే పట్టుబడితే సరే అనుకున్నాను.

ఆ తర్వాత నెల పైన నా డాబుకి హద్దు లేదు. బేరానికి వచ్చిన వాళ్ళకి ముక్క కోస్తూ కోస్తూ కొత్త తూనీగ గురించి చెప్పేదాన్ని. "అయితే గవర్నమెంటు ఏవన్నా ఇత్తదాండీ?" అని అడిగేవారు. ఇస్తే ఇస్తుందేమో అనేదాన్ని. ఆ కోసిన ముక్కల్లో ఎన్నింటిని కోడలు వెనకాల్నుంచి మార్చి పంపిందో నేను గమనించలేదు.

కార్తీకమాసంలో ఒక మధ్యాహ్నం, బేరాల్లేని వేళ, కుర్చీలో చేరబడి ఉన్నాను. పొద్దున నేను చెంగు నుంచి తీసి బల్ల మీద పడేసిన ముక్కల్ని కోడలు ఒక్కొక్కటీ సర్దుతోంది. కనకాంబరాన్ని కనకాంబరం అరలో పెట్టింది. గోరింటాకుని దాని అరలో పెట్టింది. తూనీగ తోకకి నేను జత కుదిర్చిన రామా గ్రీన్ ముక్కని తీసుకుంది. పచ్చల అరల దాకా వెళ్ళనే లేదు. ఆకాశనీలం అరలో పెట్టేసింది.

తప్పు పట్టుకున్నానన్న సంతోషంతో కేకెయ్యబోయాను. కానీ తను ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. రోజూ చేసే పనిలాగే చేసింది. ఆ అర మీద అట్టముక్క అంటించి 'ఆకాశనీలం' అని రాసింది నేనే, చాలా ఏళ్ళ కిందట, ఈ కళ్ళతోనే.

లేచి వెళ్ళి ఆ ముక్క తీసుకున్నాను. పచ్చల అరలోంచి అసలు రామా గ్రీన్ ముక్క ఇంకోటి తీసుకున్నాను. రెండూ పట్టుకుని మెట్లు దిగాను. పక్క బ్రాందీ షాపు ముందు నించున్నవాళ్ళు జరిగి దారిచ్చారు. ఎండలో రెండు చేతుల్లో రెండు ముక్కలు పెట్టి చూశాను. కుడిచేతిది ఎడమచేతికి, ఎడమచేతిది కుడిచేతికి మార్చి చూశాను. ఆ తర్వాత ఏది ఏ అరలోదో నాకు తెలియలేదు. రెండూ ఒక్కటిగానే ఉన్నాయి.

ఏడుపొచ్చింది. నడిరోడ్డు మీద, బ్రాందీ షాపు ముందు, రెండు గుడ్డముక్కలు పట్టుకుని ఏడిస్తే బాగోదని ఆపుకున్నాను. లోపలికొచ్చి రెండు ముక్కలూ కోడలి ముందు పెట్టాను. తను చూడగానే విడదీసి, దేని అరలో దాన్ని పెట్టేసింది.

"ముందే చెప్పొచ్చుగా" అన్నాను.

"చెప్తే వింటారాండీ మీరు?"

విననని ఇద్దరికీ తెలుసు. "రేపు పొద్దున్నే కాకినాడ బస్సెన్నింటికి?" అన్నాను.

రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరాయన్నాడు డాక్టరు. పొర పసుపుపచ్చగా ఉంటుంది కనక నీలాలు పచ్చగా కనబడతాయట. ఒక కన్ను ముందు చేస్తాం, రెండోది తర్వాత చూద్దాం అన్నాడు. తూనీగ తోక గురించి ఆయనకి చెప్పాను. చుక్క రంగు తప్పు చెప్పినా, దానికి నేను జతపెట్టిన ముక్క మాత్రం సరిగ్గా నీలమే కదా, అంటే మ్యాచింగ్ తప్పలేదు కదా అని అడిగాను. ఆయన ఓపికగా విని, గడ్డం పైకెత్తమని చుక్కల మందు వేశాడు.

కుడికన్నుకి చేశారు. కట్టు విప్పాక ఇంటికి వస్తూ బస్సు కిటికీలోంచి ఆకాశం చూసి, ఇదెప్పుడూ ఇలాగే ఉంటుందా అని కోడలిని అడిగాను. ఇంటికొచ్చి హాలు గోడలు చూసి, ఈ రంగు ఎవరు వేయించారన్నాను. కిందటేడు పెయింటరుతో పోట్లాడి మరీ నేనే వేయించాను.

డాక్టరు బయట తిరగొచ్చన్న రోజున, నల్లకళ్ళద్దాలు పెట్టుకుని బోదె దగ్గరికి వెళ్ళాను. మంచు ఇంకా పూర్తిగా విడలేదు. తుంగ మొదట్లో వెతికితే కనబడింది. అద్దాలు తీశాను. ఎడమకన్ను మూసి కుడికంటితో చూశాను. నీలం. కొత్త పట్టుచీర అంచు మీద కూడా నేను చూడనంత నీలం. కుడికన్ను మూసి ఎడమకంటితో చూశాను. రామా గ్రీన్. నేను కనిపెట్టిన జాతి ఎక్కడికీ పోలేదు, ఎడమకంట్లో క్షేమంగా ఉంది. ఒక కన్ను మూసి ఒక కన్ను తెరిచి, మళ్ళీ అటుదిటూ ఇటుదటూ చేస్తూ ఆ తూనీగని నీలం నుంచి పచ్చకి, పచ్చ నుంచి నీలానికి మారుస్తూ ఎంతసేపున్నానో తెలియదు. వెనక మోపెడ్ ఆగిన చప్పుడైంది.

"కంట్లో నలక పడిందేటండీ అక్కగారూ?"

తిరిగి చూశాను. అప్పుడు కూడా ఒక కన్ను మూసే ఉంది. ఈ వయసులో పరాయి మగవాడికి కన్నుగొట్టడం అదే మొదలు. ఆయన బండి కొంచెం వేగంగానే తోలుకెళ్ళిపోయాడు.

అక్కడి నుంచి తిన్నగా కొట్టుకి వచ్చాను. ఆపరేషన్ అయిన దగ్గర్నుంచీ కోడలే నా కుర్చీలో కూర్చుంటోంది. నన్ను చూసి లేచింది. బల్ల అవతల ఒకావిడ చీర విప్పి నిలబడి ఉంది. శ్రావణమాసంలో ఫాల్ గొడవతో వచ్చినావిడే, ఇంకో చీర తెచ్చుకుంది. నన్ను చూడగానే ఆవిడ చెయ్యి చీర మీద బిగుసుకోవడం కుడికంటికి స్పష్టంగా కనబడింది.

కత్తెర బల్ల సొరుగులో, నా చోట్లోనే ఉంది. తీశాను. చీర కొంగు పట్టుకుని మెట్లు దిగి ఎండలో పెట్టాను. ఎడమకన్ను మూశాను. చీర నీలం. అరలోంచి తెచ్చిన ముక్క నీలం. జత కుదిరింది. నాకు తెలుసు, ఖాయంగా తెలుసు. అయినా నా తల దానంతటదే కోడలి వైపు తిరిగింది, ఔనా అన్నట్టు. తను గుమ్మంలో నిలబడి తల ఊపింది. చీర రెండో కొస వదలకుండా నా వెనకే దిగినావిడ నా మొహం చూడలేదు, కోడలి మొహం చూసి, చీర మీది నుంచి చెయ్యి తీసేసింది.

లోపలికొచ్చాను. కుర్చీ ఖాళీగానే ఉంది. కత్తెర కోడలి చేతికివ్వలేదు, ఆ కట్టుబాటు తప్పలేదు. బల్ల మీద పెట్టి, దాని పక్కన నీలం ముక్క పెట్టాను. తను ఒక్క క్షణం ఆగి, కత్తెర తీసుకుంది.

"రెండో కన్ను అయ్యేదాకానే సుమా" అన్నాను.

"ఆయ్, అలాగేనండి అత్తయ్యగారూ" అంటూ ముక్క కోసింది. ఆ 'ఆయ్' అన్నప్పుడు తను నవ్విందో లేదో చూద్దామనుకున్నాను గానీ, ఏ కన్ను మూసి చూడాలో నాకు తోచలేదు.